చుట్టం వెళ్లాక మిగిలిన మెలి

కిందటి వారం మనం చీకటిగది గుమ్మం దగ్గర ఆగిపోయాం. గుమ్మానికి ఇవతల కోడలు, అవతల అత్త. "ఆ సీసా ఇవ్వండి పిన్నిగారూ" అని కోడలు చెయ్యి చాపింది. అత్త చెయ్యి ఫ్రిజ్ తలుపు మీదికి పోలేదు. సంచిలో ఉన్న కళ్లజోడు పెట్టె మీదికి పోయింది.

పిన్ని అంటే నిజానికి అక్కడ ఎవరికీ పిన్ని కాదు. ముప్ఫై ఏళ్ల కింద గాజుసామాను కడగడానికి ఆ పరిశోధనశాలకు వచ్చింది. వెలుగును కొలిచే యంత్రం వచ్చినప్పుడు దానితోపాటు లావుపాటి పుస్తకం ఒకటి వచ్చింది. చదువుకున్నవాళ్లెవరికీ దాన్ని చదివే తీరిక లేకపోయింది. పిన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని, ముక్కకు ముక్క కూడబలుక్కుని, ఏడాదిన్నరలో పూర్తిచేసింది. అప్పటినుంచి ఆ కిటికీ లేని నల్లగోడల గది ఆమెదే. అందరికీ ఆమె చీకటిగది పిన్ని.

కోడలు ఆ యంత్రం దగ్గరే ఆమెకు పరిచయమైంది. ఆమె కొడుకుని పెళ్లాడింది, నాలుగేళ్లు కాపురం చేసింది, అయిదేళ్ల కింద విడిపోయి వేరే ఊళ్లో ఉద్యోగానికి వెళ్లింది. కాగితాల ప్రకారం ఇప్పుడు ఎవరి కోడలూ కాదు. కానీ పిన్ని మనసుకి ఆ మాట బదులు మరో మాట దొరకలేదు కనుక, మనమూ కోడలనే అందాం.

ఇక సీసా. నాలుగు పలకల గాజుసీసా, బొటనవేలంత. అందులోని అణువులు పళ్లాల్లా బల్లపరుపుగా ఉంటాయి. చల్లబరిస్తే ఎవరూ పేర్చకుండానే అవి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాయి. ప్రతి పళ్లెమూ కింది దానికన్నా కాస్త పక్కకు తిరిగి కూర్చోవడంతో వరస మొత్తం మెలిమెట్లలా తయారవుతుంది. వాటి ఇష్టానికి వదిలేస్తే సగం వరసలు కుడికి తిరుగుతాయి, సగం ఎడమకి. కానీ పేర్చుకునే వేళకు ఎడమవాటం ఉన్న మరో పదార్థం చిటికెడు కలిపితే, అన్నీ దాన్ని చూసి ఎడమకే తిరుగుతాయి. ఆ చిటికెడు పదార్థాన్ని అక్కడ అందరూ చుట్టం అంటారు. అలా మెలితిరిగిన వరసల మీద ఊదా టార్చి వేస్తే ఆకుపచ్చగా వెలుగుతాయి. ఆ వెలుగు కూడా స్క్రూ మరలాగా ఎడమకి మెలితిరుగుతూ బయటికొస్తుంది. మన కంటికి ఆ తిరుగుడు తెలీదు. పిన్ని యంత్రానికి తెలుస్తుంది.

కోడలు కనిపెట్టింది ఒకే ఒక్క సంగతి. చల్లగా ఉండగానే చుట్టాన్ని కడిగి పంపేసినా వరసలు ఆ మెలిని వదల్లేదు. ఆమె డాక్టరేటూ ఉద్యోగమూ పేరూ అన్నీ ఆ సంగతి మీదే నిలబడ్డాయి. ఇప్పుడేమో దూరాన మరో బృందం అదే పని చేసి చూసి, తమకు రాలేదనీ, ఆమె సీసాలో చుట్టం వెళ్లనే లేదనీ, ఏ మూలో నక్కి ఉంటుందనీ రాసింది. తేల్చడానికి ఒకటే దారి. సీసాని వేడిచేసి వరసల్ని విడగొట్టాలి, మళ్లీ చల్లార్చాలి. చుట్టం నిజంగా లేకపోతే ఈసారి సగం కుడికి, సగం ఎడమకి పోయి యంత్రం సున్నా చూపిస్తుంది. మళ్లీ ఎడమే చూపిస్తే కోడలు ఓడినట్టు. ఆనాటి సరుకులో మిగిలింది ఒక్క సీసా. శుక్రవారం నలుగురి ముందు వేడిచెయ్యాలి. ఇవాళ బుధవారం.

సరే, గుమ్మం దాటుదాం.

పిన్ని సీసా ఇవ్వలేదు. లోపలికి వచ్చి కూర్చోమంది. కూర్చోవడానికి ఒక స్టూలు, ఒక బోర్లించిన చెక్కపెట్టె తప్ప ఆ గదిలో ఏమీ లేవు. కోడలు పొడుగుపిల్ల. వచ్చిన కొత్తలో తలుపు పక్కనున్న అరకి రోజూ తల కొట్టుకునేది. ఆ అర అంచుకి పిన్ని స్పాంజి ముక్క కట్టింది. ఇప్పుడు ఆ చీకట్లో, మాట్లాడుతూ మాట్లాడుతూనే కోడలు సరిగ్గా అక్కడికి రాగానే తల వంచి దాటింది. తాను వంగినట్టు తనకే తెలీదు. పిన్ని చూసింది. 

కోడలు పరిశోధనశాల పెద్దసారుతో మాట్లాడి వచ్చిందట. శుక్రవారానికి అన్నీ సిద్ధమట. వేడి ఎన్ని నిమిషాలు, చల్లార్చడం ఎంత నిదానంగా, అన్నీ కాగితం మీద రాసుకొచ్చింది. తనకేమీ భయం లేదంది. ఆ మాట మూడుసార్లు అంది. పిన్ని సంచిలో చెయ్యి పెట్టి కళ్లజోడు పెట్టెని తెరుస్తూ మూస్తూ ఉంది. టిక్కుటిక్కుమనే ఆ చప్పుడు ఆమె ఇంట్లో అందరికీ తెలుసు. అబ్బాయికి జ్వరమొచ్చినా ఆ చప్పుడే, బస్సు ఆలస్యమైనా ఆ చప్పుడే. కోడలు మాట ఆపేసింది.

"ఏమైంది పిన్నిగారూ?"

పిన్ని పెట్టెలోంచి తాను రాసుకున్న నాలుగు మడతల చీటీ తీసింది. మడతల దగ్గర కాగితం చిరుగు పట్టింది. కోడలి చేతికివ్వకుండా తానే చదివింది. కంఠతా వచ్చిన చీటీని కళ్లజోడు పెట్టుకుని మరీ చదివింది.

నాలుగేళ్ల కిందటి ఎండాకాలం. సెలవులు. భవనానికి కరెంటు తెచ్చే తీగ కాలిపోయి మూడు రోజులు ఎవరూ చూసుకోలేదు. నాలుగోరోజు పిన్ని వచ్చేసరికి రేకుల కప్పు కింద గది నిప్పుల కొలిమిలా ఉంది. ఫ్రిజ్ తెరిస్తే లోపల్నుంచి కూడా వేడిగాలే కొట్టింది. సీసా మీద టార్చి వేసింది. ఆకుపచ్చ లేదు. నీలం. విడివిడిగా ఉన్న అణువులే నీలంగా వెలుగుతాయి. అంటే వరసలన్నీ కూలిపోయాయి.  మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. ఫ్రిజ్ చల్లబడింది. మర్నాడు పొద్దున మళ్లీ టార్చి వేస్తే సీసా ఆకుపచ్చగా వెలిగింది. యంత్రంలో పెట్టింది. ఎడమ. వెయ్యికి పదమూడు పాళ్లు.

"ఆ పొద్దున నాకెంత సంతోషమైందో చెప్పలేను" అంది పిన్ని. "అంత కూలినా మళ్లీ నిలబడింది, ఎంత గట్టి జ్ఞాపకం అనుకున్నాను. నీకు ఫోన్ చేద్దామని కూడా అనుకున్నాను. సాయంత్రం బస్సులో కూర్చున్నాక తట్టింది. వరసలే లేనప్పుడు గుర్తుపెట్టుకోవడానికి అక్కడ ఎవరున్నారు? ఎవరో ఒకరు మళ్లీ నేర్పితేనే కదా ఎడమకి తిరుగుతాయి. అంటే చుట్టం..."

ఆ వాక్యాన్ని ఆమె పూర్తిచేయలేదు. అక్కర్లేకపోయింది. కోడలికి అది ఆమెకంటే బాగా తెలుసు.

కోడలు నల్లగోడ వైపు తిరిగింది. తర్వాత లాగ్‌బుక్‌లో ఆ నెలకి ఏం రాశారని అడిగింది. యంత్రం పనిచేయలేదని రాశానంది పిన్ని. ఇన్నేళ్లలో లాగ్‌బుక్‌లో తాను రాసిన అబద్ధం అదొక్కటే అంది. ఆ చెప్పడంలో సంజాయిషీ లేదు. పన్ను పీకించుకున్నవాళ్లు ఖాళీని నాలుకతో తడుముకున్నట్టుగా చెప్పింది.

"ఎందుకు చెప్పలేదు?"

"అప్పటికి మీ కాగితాల మీద సంతకాలై ఏడాది కాలేదు. నేను నోరు విప్పితే ఏమనేవాళ్లు? కొడుకు కాపురం పోయిందని కోడలి చదువు పోగొట్టింది అనేవాళ్లు. లోకం సంగతి పోనీ. నువ్వేమనుకునేదానివి?"

"నిజం చెప్పారనుకునేదాన్ని."

"ఇప్పుడు అంటున్నావు."

"నాలుగేళ్లు ఇదే పాఠం చెప్పాను అత్తయ్యా. పిల్లలకి బోర్డు మీద బొమ్మలేసి చెప్పాను. చుట్టం వెళ్లిపోయినా మెలి మిగులుతుందని. అది అబద్ధమని తెలిసి మీరిక్కడ కళ్లజోడు పెట్టెలో దాచుకుని కూర్చున్నారా?"

అయిదేళ్ల తర్వాత నోటికొచ్చిన అత్తయ్యా అది. తిట్టులా వచ్చింది. అయినా పిన్ని దాన్ని తిట్టు కింద తీసుకోలేకపోయింది. ఆ పిలుపు కోసం ఎన్నిసార్లు ఎదురుచూసిందో, వస్తే ఏ ముహూర్తాన వస్తుందనుకుందో, ఆ లెక్కలన్నీ ఇప్పుడెందుకు.

కోడలు లేచి బల్ల సొరుగు లాగి ధడాలున మూసింది. మళ్లీ లాగింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఏమిటో ఆ సొరుగుని అడగాలి. నాలుగోసారి లాగేసరికి అది పూర్తిగా ఊడి చేతిలోకి వచ్చింది. అందులో ఉన్నవి లాగ్‌బుక్కులు. పిన్ని మెల్లిగా, "అది ఎప్పుడూ అంతే, ఎడమవైపు కాస్త ఎత్తి లాగాలి" అంది. కోడలికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. సొరుగుని ఒళ్లో పెట్టుకుని చెక్కపెట్టె మీద కూర్చుండిపోయింది.

నిజానికి వెళ్లిపోవాల్సిందే. పెద్దసారు గదికి పోయి, శుక్రవారం ఎవర్నీ పిలవద్దని, తన పరిశోధన వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాల్సిందే. పిన్ని అదే అనుకుంది. మరోసారి ఈ పిల్ల ఆ గుమ్మంలోంచి వెళ్తుంటే వెనకనుంచి చూడాలి కాబోలు అని గుండె రాయి చేసుకుంటోంది. కానీ కోడలు వెళ్లలేదు. లెక్కలు చూడకుండా ఓటమి ఒప్పుకునే రకం కాదు ఆ పిల్ల. టార్చి పట్టుకుని లాగ్‌బుక్ తెరిచింది.

నెలకొక వరస. పిన్ని గుండ్రటి చేతిరాత. సీసాని తెరవకుండా అలాగే యంత్రంలో పెట్టి కొలవడం, పావువంతు తిప్పి మళ్లీ కొలవడం, రెండూ ఒకటే వస్తే రాయడం. కోడలు వెళ్లిపోయిన నెలలో పన్నెండు. తర్వాత పన్నెండే. తర్వాత పదకొండున్నర. ఆ తర్వాత పదకొండు. మెల్లిగా, నూనె తగ్గుతున్న దీపంలాగా దిగుతూ వచ్చింది. కోడలి వేలు ఒక్కచోట ఆగింది.

"ఇదేంటి? ఇక్కడ పదమూడు."

అప్పుడే యంత్రానికి కొత్త దీపం వేశారనీ, అందుకే కాస్త పెరిగిందనుకున్నాననీ పిన్ని చెప్పింది. తర్వాతి నెల కూడా పదమూడే. కరెంటు పోయింది ఆ తర్వాతి నెల. ఆ ఒక్క నెల వదిలేస్తే ఇవాళ్టి దాకా అన్నీ పదమూడే. ఒక్క పాయింటు కూడా తగ్గలేదు.

"దీపం మారిస్తే వెలుగు పెరుగుతుంది, మెలి పెరగదు" అంది కోడలు. గొంతు మారింది. ఇప్పుడది కోపం గొంతు కాదు, పని గొంతు. "చుట్టం లేని మెలి తగ్గుతూనే ఉంటుంది. దానంతటది ఎప్పుడూ పెరగదు. కరెంటు పోకముందే రెండు నెలల నుంచి ఇది పెరిగి ఉంది. ఆ నెల ఏం జరిగింది?"

పిన్ని ఆలోచించింది. ఆ నెల ఫ్రిజ్ కారింది. కింద నీళ్లు చేరి యంత్రం కాళ్లదాకా వచ్చాయి. మెకానిక్‌ని పిలిచారు. గడ్డకట్టిన మంచు అంతా కరిగించడానికి లోపలి సీసాలన్నీ ఐసుపెట్టెలోకి మార్చారు. అప్పుడు ఒక సీసా జారి పగిలింది. పెద్ద నష్టం కాదు. కోడలు వదిలిపోయినవి రెండు సీసాలు కదా, చుట్టం కడిగేసినది ఒకటి, పోలికకోసం చుట్టాన్ని ఉంచేసినది ఒకటి. పగిలింది రెండోది. అసలుది భద్రంగానే ఉంది.

"పగలడం మీరు చూశారా?"

చూడలేదు. మరమ్మతు సంతకాల కాగితం తేవడానికి ఆఫీసుకి వెళ్లింది. వచ్చేసరికి గాజుముక్కలు ఊడ్చేసి ఉన్నాయి.

కోడలు ఫ్రిజ్ తెరిచింది. సీసాని రెండువేళ్లతో పైకి తీసింది. అయిదేళ్ల తర్వాత మొదటిసారి దాన్ని ముట్టుకోవడం. కాగితం మీద తన రాతే ఉంది, చుట్టం లేదు అని. కానీ టార్చి ఓరగా పట్టి చూస్తే ఆ కాగితం ఒక మూల ముడతపడి ఉంది. ఒకసారి ఊడదీసి మళ్లీ అంటించిన ముడత. మూత చుట్టూ గాలి చొరకుండా చుట్టిన మైనపు పట్టీ ఉంది. పిన్ని దాన్ని ఏనాడూ విప్పలేదు. విప్పకూడదని కోడలే చెప్పి వెళ్లింది. ఇప్పుడు కోడలే గోటితో పట్టీ అంచు లేపి, చుట్టు చుట్టుగా విప్పింది.

మూత మీద సూదితో గీసిన గీత ఉంది. ఒకటే గీత.

"నేను కాగితాల్ని నమ్మను" అంది కోడలు, తనలో తాను అనుకుంటున్నట్టు. "తడిస్తే ఊడిపోతాయి. అందుకని మూత మీద గీస్తాను. చుట్టం ఉంటే ఒక గీత. కడిగేస్తే రెండు. దీని మీద రెండు ఉండాలి."

పిన్నికి కాసేపు ఏమీ అర్థంకాలేదు. తర్వాత ఒక్కసారిగా అంతా అర్థమైంది. చుట్టం ఉన్న సీసా వేడెక్కి చల్లారితే ఎడమకి తిరగక ఏం చేస్తుంది? ఆ కాలిన ఎండాకాలం పొద్దున ఆమె సంతోషమూ, బస్సులో తట్టిన భయమూ, నాలుగేళ్ల నిద్రలేమీ, లాగ్‌బుక్‌లో అబద్ధమూ, అన్నీ వేరే సీసా గురించి. దొంగని కనిపెట్టడానికి కుక్కని కట్టేస్తే, అది పక్కింటి వాకిలికి కాపలా కాసినట్టయింది.

"అయితే నీ మాట అబద్ధం కాదు" అంది.

"నిజమనీ కాదు. రుజువు చెయ్యాల్సిన సీసా లేదు. పగిలింది అదే అయితే శుక్రవారం నేను చూపించేది ఏమీ లేదు." కోడలు సీసాని జాగ్రత్తగా దాని చోట పెట్టింది. "కానీ కాగితం మార్చి అంటించారు. ఏది ముఖ్యమో తెలియనివాళ్లయితే, ఏ సీసా పగిలినా ఒకటే అనుకుని ఊరుకునేవాళ్లు. ఏది ముఖ్యమో తెలిసినవాళ్లు చేసిన పని ఇది."

"ఆ గీతల సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

కోడలు చెక్కపెట్టె వైపు చూసింది.  సాయంత్రాలు ఆమెని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి, హెల్మెట్ మోకాలి మీద పెట్టుకుని ఇదే చెక్కపెట్టె మీద కూర్చునేవాడు ఒకడు. పైపులు బిగించి గట్టిపడిన వేళ్లు కదా, మైనపు పట్టీ తనకంటే బాగా చుడతాడని అతని చేతే చుట్టించేది. ఈ పిచ్చిగీతలేంటని అతను నవ్వితే, ఇది మనిద్దరికే తెలిసిన లెక్క అని చెప్పింది. ఆ ఏడు ఫ్రిజ్ బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్ కూడా అతనే. బయటివాళ్లని పిలిస్తే వారం పడుతుంది, మా అబ్బాయికి ఇదే పని కదా అని పిలిపించింది పిన్ని.

"వాడు నాతో పగిలిందనే చెప్పాడు" అంది పిన్ని. "నీది భద్రంగా ఉందమ్మా, బెంగపెట్టుకోకు అన్నాడు." కళ్లజోడు పెట్టె మళ్లీ టిక్కుమంది. "నేను అడుగుతానుండు. నేనడిగితే చెప్తాడు."

"వద్దు. మీరడిగితే మీకు బాధ కలగని జవాబు చెప్తాడు. మీ ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే అది. నేనడిగితే ఆ మొహమాటం ఉండదు."

పిన్నికి ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాల్సిన చోటే గుచ్చుకుంది. ఫోన్ తీసి ఇచ్చింది. కోడలు పేర్లలో వెతకలేదు. అంకెలు వరసగా నొక్కి, స్పీకర్ పెట్టి, యంత్రం మూత మీద ఉంచింది. విడిపోయేటప్పుడు కూడా ఆ ఇద్దరూ గొడవపడలేదు. ఎవరి బట్టలు వాళ్లు మడతపెట్టుకున్నారు. ఎవరి పుస్తకాలు వాళ్లు ఏరుకున్నారు. ఏ తలుపూ ధడాలున మూయలేదు. ఆ నిశ్శబ్దమే తనకు ఎక్కువ భయం వేసిందని పిన్ని ఎవరితోనూ అనలేదు.

నాలుగుసార్లు మోగాక ఎత్తాడు. వెనక రేకు మీద సుత్తి చప్పుడు, ఎవరో పానా అడుగుతున్నారు.

"చెప్పమ్మా" అన్నాడు.

కోడలు ఫోన్ దగ్గరికి వంగింది.  పిన్ని ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, వేయకుండా ఆగింది.

"నేను" అంది కోడలు.

సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది. తర్వాత అతను నడుస్తున్నట్టు, ఒక తలుపు తెరిచి మూసినట్టు తెలిసింది. చప్పుడు దూరమైంది. ఆ తలుపు అవతల ఏదో మోటారు సన్నగా, ఎడతెగకుండా తిరుగుతోంది. ఏళ్ల తరబడి అలాంటి మోత పక్కనే కూర్చున్న పిన్నికి అది ఫ్రిజ్ మోటారని వెంటనే తెలిసింది.

"సీసా కోసమేనా?" అన్నాడు అతను.

కోడలు ఫోన్‌ని దగ్గరికి జరుపుకుంది.

"అది పగల్లేదు" అన్నాడు. "చల్లగానే ఉంది."